డెల్టాలో పేదల ఇళ్లకు మెరక, పునాది ఖర్చు రాష్ట్రమే ఇవ్వాలి: ఎవరిని, ఎప్పుడు, ఏమని అడగాలి?

మీ ప్రశ్న చదివాను. మీది కోనసీమలో ఏటిగట్టుకు దగ్గర ఊరు, మీరు వార్డు మెంబరు. ఊరి చివర పల్లపు చేలో వేసిన లేఅవుట్‌లో సగానికి పైగా ఇళ్లు పునాదుల దగ్గరో గోడల దగ్గరో ఆగిపోయాయి. ఇంటికి ప్రభుత్వం మంజూరు చేసిన 1.80 లక్షలు చాలలేదని లబ్ధిదారులు అంటున్నారు. రాష్ట్రాన్ని ఇంకొంత అడుగుదామంటే "అది కేంద్రం పథకం, ఢిల్లీ ఇవ్వాలి" అని అందరూ మిమ్మల్ని వెనక్కి పంపుతున్నారు. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి అన్నది మీ ప్రశ్న.

అడగాల్సింది రాష్ట్రాన్నే. ఆ మాట ముందు స్థిరంగా పెట్టుకోండి. నేను గృహనిర్మాణంలో ఇంజనీరుగా ఉద్యోగమంతా గోదావరి జిల్లాల్లోనే చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఊళ్లవాళ్లు పిలిస్తే వెళ్లి ఎస్టిమేట్లు రాసిపెడుతుంటాను. మన దగ్గర పేదవాడికి ఇంటి కోసం ఇచ్చిన డబ్బులో పెద్ద భాగం గోడ లేవకముందే నేలలో కలిసిపోతుంది. మెరక చేయడానికి, అంటే పల్లపు నేలను మట్టి పోసి ఎత్తు చేయడానికి, పునాదికి పోగా మిగిలినదాంతో ఇల్లు పూర్తి చేయమంటున్నాం. అనంతపురం జిల్లాలో గట్టి నేల మీద కట్టే ఇంటికీ, అమలాపురం పక్కన వరి చేలో కట్టే ఇంటికీ ఒకటే లెక్క. అందుకే "యూనిట్ రేటు (ఒక్కో ఇంటికి ఇచ్చే మొత్తం) పెంచండి" అని ఊరికే అడగొద్దు. డెల్టా ఇళ్లకు మెరక, పునాది ఖర్చును రాష్ట్ర బడ్జెట్లో విడిగా పెట్టమని అడగండి.

ముందు ఎవరి డబ్బు ఎంతో తెలుసుకోండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో మొదలైంది. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు ఇస్తుంది. ఇందులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం, అంటే 72 వేలు, 48 వేలు. దీనికి తోడు ఉపాధి హామీ కింద 90 పనిదినాల కూలి, మరుగుదొడ్డికి 12 వేలు. కొండ ప్రాంతాల్లో, ఇతర కష్టతర ప్రాంతాల్లో 1.30 లక్షలు. అయితే మన జిల్లాల్లో ఒక తిరకాసు ఉంది. గోదావరి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, అమలాపురం అథారిటీ లాంటి వాటి పరిధిలోకి చాలా పల్లెలు వెళ్లిపోయాయి. దాంతో పచ్చటి పల్లెటూళ్లో ఉన్న ఇల్లు కూడా రికార్డులో పట్టణ పథకం కింద నమోదైంది. ఆ పథకంలో సొంతంగా కట్టుకునే ఇంటికి కేంద్రం ఇచ్చేది 1.50 లక్షలు. మొత్తం యూనిట్ 1.80 లక్షలైతే కేంద్రం వాటా పోను మిగిలింది 30 వేలు. మీ లేఅవుట్‌లో ఏ ఇల్లు గ్రామీణ్, ఏది అర్బన్ అన్నది సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడిగితే లాగిన్‌లో చూసి చెప్తారు. ఈ విభజన చేతిలో లేకుండా ఏ మీటింగుకూ వెళ్లొద్దు. మీరు అర్బన్ ఇంటి గురించి మాట్లాడుతుంటే వాళ్లు గ్రామీణ్ నిబంధన చదివి వినిపిస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది.

"కేంద్రం పథకం" అనే జవాబు ఎందుకు నిలవదో చెప్తాను. భూమి రాష్ట్రం అంశం. స్థలం లేని లబ్ధిదారుకు స్థలం చూపించే బాధ్యత రాష్ట్రానిదేనని గ్రామీణ్ పథకం మార్గదర్శకాలే చెప్తున్నాయి. పల్లపు చేను కొని, ప్లాట్లు వేసి, పట్టా ఇచ్చింది రాష్ట్రం. ఇంటి స్థలం అని ఇచ్చినప్పుడు అది ఇల్లు నిలబడే స్థలం అయ్యేదాకా ఖర్చు ఇచ్చినవాళ్లదే. 2024లో వచ్చిన పట్టణ పథకం రెండో దశలో మన లాంటి రాష్ట్రాలకు ఇంటికి కనీసం లక్ష రూపాయల రాష్ట్ర వాటాను కేంద్రమే తప్పనిసరి చేసింది. కేంద్రం 1.50, రాష్ట్రం 1.00, కలిపి 2.50 లక్షలు. అంటే రాష్ట్రం చేయి కలపకుండా ఇల్లు పూర్తికాదని కేంద్రం కూడా ఒప్పుకున్నట్టే. కొత్త ఇళ్లకు ఒప్పుకున్నది పాత లేఅవుట్లలో ఆగిపోయినవాటికి ఎందుకు వర్తించదని అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు మెరక సంగతి. దీన్ని లెక్కలతో చెప్పకపోతే ఎవరూ వినరు. 2020 డిసెంబర్ 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో పట్టాల పంపిణీ మొదలైనప్పుడు పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. అంటే 72.6 గజాలు, చదరపు అడుగుల్లో 653. చేను రోడ్డుకంటే నాలుగడుగులు పల్లంలో ఉందనుకోండి. ఆ ప్లాటును రోడ్డు మట్టానికి లేపాలంటే 2,600 ఘనపుటడుగుల పైన మట్టి కావాలి. ట్రాక్టర్ ట్రక్కుకు సుమారు 100 ఘనపుటడుగులు పడుతుందనుకుంటే 26 ట్రక్కులు. వదులుగా పోసిన మట్టి ఒక వానకు అణిగిపోతుంది కాబట్టి 30 ట్రక్కులు వేసుకోవాలి. ట్రక్కు వెయ్యి రూపాయలనుకున్నా 30 వేలు. మీ ఊళ్లో ధర ఎంతో దాంతో గుణించుకోండి, గ్రావెల్ దూరం నుంచి రావాలంటే ఇంకా పెరుగుతుంది. 1.80 లక్షల్లో 30 వేలంటే ఆరో వంతు. 1.20 లక్షల ఇంటికైతే నాలుగో వంతు. ఇంత ఖర్చయ్యాక కూడా ఇటుక మీద ఇటుక పెట్టలేదు.

దీనికి బిల్లు రాదు. బిల్లులు స్టేజీల వారీగా పడతాయి: బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబ్, ఫినిషింగ్. మట్టి తోలించడం ఏ స్టేజీలోనూ లేదు. జియో ట్యాగింగ్ ఫొటోలో పునాది పడుతుంది కానీ దాని కింద పోసిన మట్టి పడదు. పైగా పని అయ్యాకే బిల్లు కాబట్టి మొదటి రూపాయి లబ్ధిదారే తేవాలి. కూలి పని చేసుకునేవాళ్లకు ఆ మొదటి రూపాయి ఎక్కడి నుంచి వస్తుంది? పుస్తెలతాడు తాకట్టు పెడతారు, లేకపోతే నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. పోయిన ప్రభుత్వం ఇళ్ల పథకంలో డ్వాక్రా సభ్యులకు 35 వేల పావలా వడ్డీ రుణం ఇప్పించారు. మంచి పనే. కానీ చాలామందికి అది ఇంటికి కాకుండా మట్టికే ఖర్చయిపోయింది.

నేను చూసిన ఒక ఇల్లు చెప్తాను. కొబ్బరి ఒలుపు పనికి వెళ్లే కుటుంబం. ఇల్లు లింటెల్ (తలుపులు, కిటికీల పైమట్టం) దాకా లేచి ఆగిపోయింది. పిల్లర్ల మీద నుంచి పైకి వదిలిన ఊచలు తుప్పుపట్టి, వేలితో గీస్తే పొరలుగా రాలుతున్నాయి. స్లాబ్ వేయాలంటే ఇప్పుడు ఆ ఊచలు కోసి కొత్తవి అతకాలి, అది మళ్లీ అదనపు ఖర్చు. వంటగది మూల అణిగి గోడలో వాలుగా బీట వచ్చింది. ఆ మూలన మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టలేదని మేస్త్రీ చెప్పాడు, నిజమే. దిమ్మిస కొట్టించే కూలికి వాళ్ల దగ్గర డబ్బు లేదు. గోడల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆ కుటుంబం ఊళ్లో అద్దెకుంటూ తాకట్టు బంగారానికి వడ్డీ కడుతోంది. ప్రభుత్వం లెక్కలో అది "రూఫ్ లెవెల్‌కి రావాల్సిన ఇల్లు". ఆ ఇంటివాళ్లకు మాత్రం అద్దె, వడ్డీ రెండూ మీదపడ్డ ఇల్లు.

మెరక ఎవరి ప్లాటు వాళ్లు చేసుకునే పని కాదని కూడా గట్టిగా చెప్పండి. నేను నా ప్లాటు లేపుకుంటే నా నీళ్లు పక్కవాళ్ల ప్లాటులోకి దిగుతాయి. వాళ్లు లేపుకోలేకపోతే నా మట్టి అంచు నుంచి జారిపోతుంది. లేఅవుట్ వేసినప్పుడు కొన్నిచోట్ల లెవెలింగ్ చేయించారు. నేను చూసినవాటిలో చాలావరకు రోడ్లు లేచాయి, ప్లాట్లు రోడ్ల మధ్య మడుల్లాగా మిగిలిపోయాయి. మొత్తం లేఅవుట్‌ని ఒకేసారి పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలరు తిప్పితేనే నేల నిలబడుతుంది. ఆ పనికి ఒక టెండరు, ఒక కొలతల పుస్తకం, ఒక ఇంజనీరు కావాలి. రోడ్డు వేయడం ఎలా ప్రభుత్వం పనో ఇదీ అంతే.

పునాది రెండో ఖర్చు. డెల్టాలో నల్లమట్టి ఉన్నచోట అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఏడాదికోసారి ఇంటిని కొద్దిగా లేపి దింపుతుంటుంది. మామూలు రాతి పునాది దాన్ని ఎక్కువ కాలం తట్టుకోదు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున వెడల్పయ్యే చిన్న పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) పద్ధతిని తయారుచేసింది, వాటికి భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగంలో ప్రమాణాలు ఉన్నాయి. అంతదాకా వెళ్లలేకపోయినా, కనీసం ఇసుక పరుపు, ప్లింత్ బీము (పునాది మీద చుట్టూ వేసే కాంక్రీటు దూలం) ఉండాలి. సముద్రం వైపు ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన ఉప్పు నీళ్లు ఊచను తినేస్తాయి కాబట్టి ఊచ చుట్టూ కాంక్రీటు కవరు ఎక్కువ ఇవ్వాలి, తడపడానికి మంచి నీళ్లు తెచ్చుకోవాలి. ఇవన్నీ ఇంజనీర్లకు తెలిసినవే. ఎస్టిమేట్‌లో డబ్బు లేక వదిలేస్తున్నారు.

ఎత్తు ఎంత ఉండాలన్నది ఊరిని బట్టి మారుతుంది. ఏటిగట్టుకు బయట ఉన్న లేఅవుట్లకు ముంపు డ్రెయిన్ల నుంచి వస్తుంది. భీమవరం వైపు యనమదుర్రు, కొల్లేరు కింద ఉప్పుటేరు పొంగితే ఏమవుతుందో అక్కడివాళ్లకు తెలుసు. గట్టు లోపల లంకల్లోనైతే (నది మధ్య దీవుల్లో) గోదావరే కొలత. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. మీ ఊళ్లో 86 నీళ్లు ఎంతదాకా వచ్చాయో పెద్దవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు, 2022 గుర్తు మీరే చూసి ఉంటారు. ఆ రెండు గుర్తులనూ లేఅవుట్ మట్టంతో పోల్చి కొలవమని ఇరిగేషన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) రాతపూర్వకంగా అడగండి. లంకల్లో గట్టు లోపల మట్టి పోసి ఇళ్లు లేపమని మాత్రం అడగొద్దు. అది నది దారికి అడ్డం, ఇరిగేషన్ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. లంకవాళ్లకు అడగాల్సింది గట్టు బయట మెరక స్థలం, అక్కడి నుంచి వాళ్ల చేలకు వెళ్లే దారి.

గ్రామీణ్ మార్గదర్శకాల్లో పెద్దగా ఎవరూ వాడని వెసులుబాటు ఒకటుంది. రవాణా, సామగ్రి దొరకడం కష్టమైనా, నేల స్వభావం, వాతావరణం వల్ల నిర్మాణ ఖర్చు పెరిగినా, అలాంటి చోటును కష్టతర ప్రాంతంగా గుర్తించే పని రాష్ట్రానికే వదిలారు. లంకలకు పడవ మీద ఇటుక చేరవేసేవాళ్లను అడిగితే కష్టం ఏమిటో చెప్తారు. గుర్తింపు వస్తే ఇంటికి పెరిగేది పది వేలే. కానీ డెల్టా నేల మామూలు నేల కాదని ప్రభుత్వ కాగితం మీద ఒకసారి పడితే, రాష్ట్రం విడిగా డబ్బు పెట్టడానికి అదే ఆధారమవుతుంది.

రాష్ట్రం మధ్యలో డబ్బు పెంచగలదా అంటే, పెంచింది. 2025 మార్చిలో ఆగిపోయిన ఇళ్లకు ఎస్సీ, బీసీ లబ్ధిదారులకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష అదనంగా ప్రకటించారు. దాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. మీ లేఅవుట్‌లో అర్హులందరికీ అది చేరిందో లేదో ముందు చూడండి, చేరకపోతే మీ మొదటి పని అదే. అయితే ఆ 50 వేలు గట్టి నేల మీద ఉన్నవాళ్లకు స్లాబ్ అవుతాయి, పల్లంలో ఉన్నవాళ్లకు మట్టి అప్పు తీరుస్తాయి. మనిషి పరిస్థితిని చూసి ఇచ్చారు, బాగుంది. నేల పరిస్థితిని చూసి కూడా ఇవ్వమనడమే మన కోరిక.

మిగతా దక్షిణాది రాష్ట్రాల సంగతి కూడా చెప్పండి. కేరళలో లైఫ్ మిషన్ కింద ఇంటికి 4 లక్షలు ఇస్తున్నారు. తమిళనాడు 2024లో కలైజ్ఞర్ కనవు ఇల్లం పథకంలో 3.5 లక్షలు పెట్టింది. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు. ఆ పథకాన్ని 2024 మార్చి 11న ప్రారంభించింది భద్రాచలంలో, మన గోదావరి ఒడ్డునే. ఈ మూడు రాష్ట్రాలూ పేదల ఇళ్లకు తమ ఖజానా నుంచి పెద్ద మొత్తం పెడుతున్నాయి. వాళ్లకు కుదిరింది మనకు కుదరదని ఎవరైనా అంటే ఎందుకు కుదరదో లెక్క చూపించమనండి.

ఎప్పుడు అడగాలన్నది ఎంత అడగాలన్నదానికంటే ముఖ్యం. డెల్టాలో ఇల్లు కట్టే కాలం సంక్రాంతి నుంచి తొలకరి దాకా. మట్టి తోలే కాలం ఇంకా చిన్నది: దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేలోపు. ఆ కొద్ది వారాల్లోనే చేలు ఆరి ట్రాక్టర్లు దిగగలవు. తర్వాత వానలు, ఆపైన తుఫాన్లు. 1996 నవంబర్ 6 తుఫాను కోనసీమను ఏం చేసిందో కొత్తగా చెప్పక్కర్లేదు, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఖజానా నడిచే తీరు దీనికి సరిగ్గా ఎదురు. మార్చిలో సంవత్సరాంతం ఒత్తిడితో బిల్లులు ఆగుతాయి. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ మొదలైనా రిలీజ్ ఆర్డర్లు వచ్చి డబ్బు కింది దాకా దిగేసరికి జూన్ అవుతుంది. అప్పటికి లేఅవుట్‌లో నీళ్లు. అలా మూడు నెలలు ఆలస్యమైన బిల్లు మన దగ్గర ఇంటిని ఏడాది వెనక్కి నెడుతుంది. కాబట్టి కేటాయింపు ఒక్కటే అడిగితే సరిపోదు. మెరక పనికి డబ్బు ఏప్రిల్ మొదటి వారానికల్లా జిల్లాలో ఉండాలని, దానికి టెండర్లు ముందే పూర్తికావాలని అడగండి.

బడ్జెట్ ఫిబ్రవరిలోనో మార్చిలోనో అసెంబ్లీకి వస్తుంది. కానీ శాఖల అంచనాలు అంతకు చాలా ముందే ఆర్థిక శాఖకు చేరతాయి. మీ కాగితం సంక్రాంతి లోపే, వీలైతే కార్తీకంలోనే హౌసింగ్ కార్పొరేషన్‌కు చేరాలి. బడ్జెట్ రోజున టీవీ ముందు కూర్చుని ఇవ్వలేదని బాధపడితే ఆ ఏడాదికి ఏమీ మారదు. బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ దొరుకుతాయి. గృహనిర్మాణం 2216 పద్దు, అందులో 03 గ్రామీణ గృహనిర్మాణం. పెట్టుబడి ఖర్చు 4216లో ఉంటుంది. ప్రతి పద్దు ఎదురుగా మూడు రకాల అంకెలు చూడండి: ఈసారి కేటాయింపు, పోయినేడు సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది నిజంగా అయిన ఖర్చు. కేటాయింపు పెద్దగా ఉండి ఖర్చు చిన్నగా ఉంటే మీరు అడగాల్సింది కొత్త కేటాయింపు కాదు, విడుదల. ఈ తేడా తెలిసి మాట్లాడే వార్డు మెంబరును ఎమ్మెల్యే కూడా పక్కన కూర్చోబెట్టుకుని వింటారు.

"ఖజానాలో డబ్బు లేదు" అనే మాట మీరు తప్పకుండా వింటారు. అది అబద్ధమని నేననను. కానీ సగంలో ఆగిన ప్రతి ఇల్లూ ఇప్పటికే ఖర్చయిన ప్రజల డబ్బు. దాన్ని పూర్తి చేయడానికి కావాల్సింది కొత్త ఇంటికయ్యేదానిలో కొంత భాగమే. వదిలేస్తే పెట్టిందంతా తుప్పుకు, వానకు పోతుంది. వరద వచ్చిన ప్రతిసారీ పునరావాస కేంద్రాలు, పడవలు, భోజనాలు, దెబ్బతిన్న గుడిసెకు విపత్తు నిధి నుంచి కొన్ని వేలు ఇస్తూనే ఉన్నాం. ఆ డబ్బుతో కట్టిన తాటాకు పాక తర్వాతి వరదకు మళ్లీ పోతుంది. అదే కుటుంబానికి, అదే చోట, మళ్లీ మళ్లీ.

కాలువగట్ల మీద ఉన్నవాళ్లను మీ ప్రశ్నలో మీరు ప్రస్తావించలేదు, నేను వదలలేను. డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా కాలువగట్టు మీద వరసగా పాకలు కనిపిస్తాయి. ఈ భూమిలో పండే ధాన్యానికి, కొబ్బరికి, చేపలకు చెమటోడ్చేది వీళ్లే. గట్టు ఇరిగేషన్ పోరంబోకు కాబట్టి అక్కడ పట్టా ఇవ్వరు, పట్టా లేక ఇల్లు మంజూరు కాదు. వీళ్లకు స్థలం కొనడానికి ఏ కేంద్ర పథకమూ డబ్బివ్వదు. ఇప్పుడు పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామన్నది ప్రభుత్వ విధానం. మంచి నిర్ణయం, సెంటున్నరలో పశువును కట్టుకోవడానికి కూడా చోటుండేది కాదు. కానీ మూడు సెంట్లంటే ఎకరానికి 33 ప్లాట్లు, రోడ్లూ డ్రెయిన్లూ తీసేస్తే ఇరవై పైచిలుకు. డెల్టాలో మెరక ఎకరం కొనాలంటే ధర ఎంతో మీకు తెలుసు. చవకగా దొరికేది పల్లమే. పల్లం కొని మెరకకు డబ్బివ్వకపోతే మళ్లీ ఇదే కథ. అందుకని భూమి కొనుగోలు ఫైలులోనే మెరక అంచనా జతపరచాలని అడగండి. రెండూ కలిపి చూస్తే కొన్నిచోట్ల ఖరీదైన మెరక స్థలమే చివరికి చవక పడుతుంది. పాక వేసుకున్న సొంత స్థలం ఉన్నవాళ్లకు అక్కడే పొజిషన్ సర్టిఫికెట్ (స్థలం వాళ్ల స్వాధీనంలో ఉందన్న పత్రం) ఇచ్చి ఇల్లు మంజూరు చేస్తే భూమి ఖర్చే ఉండదు.

ఇక మీరు చేయాల్సిన పని. ఒక పెద్ద పుస్తకం తీసుకుని ఇంటికో పేజీ కేటాయించండి. పట్టాదారు పేరు, ఏ పథకం, ఏ స్టేజీ, ఎంత బిల్లు పడింది, మట్టికి ఎంతయింది, పునాదికి ఎంతయింది, అప్పు ఎక్కడ తెచ్చారు, వడ్డీ ఎంత, రోడ్డు నుంచి ప్లాటు ఎంత పల్లం. టేపు పట్టుకుని కొలిచి, టేపు కనిపించేలా ఫొటో తీయండి. ట్రాక్టర్ వాళ్ల చీటీలు ఉంటే అతికించండి. ఈ పని డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు అప్పగిస్తే వాళ్లు మీకంటే, నాకంటే బాగా చేస్తారు, ఎందుకంటే ఆ అప్పులన్నీ వాళ్ల నోటి లెక్కలో ఉంటాయి. బయటివాళ్లకు పేర్లు, అప్పుల వివరాలు ఇవ్వొద్దు, మొత్తాలు మాత్రమే ఇవ్వండి.

ఆ లెక్కతో గ్రామసభలో తీర్మానం చేయండి. పక్కన రెండు మూడు పంచాయతీలు కూడా అదే తీర్మానం చేస్తే మండల పరిషత్తుకు, అక్కడి నుంచి జిల్లా పరిషత్తుకు తీసుకెళ్లడం తేలిక. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఒక అర్జీ ఇవ్వండి. అక్కడ పని అవుతుందని కాదు, నంబరు పడుతుందని. ఆ నంబరు తర్వాత అన్నిచోట్లా పనికొస్తుంది. కేంద్రం వాటా విడుదలల వివరాలు కేంద్ర పథకాల అమలును సమీక్షించే, ఎంపీ అధ్యక్షతన జరిగే దిశ కమిటీలో చర్చకు వస్తాయి, మీ ఎంపీ కార్యాలయానికి ఒక కాపీ పంపండి. ఎమ్మెల్యే గారిని సభలో ప్రశ్న వేయమని అడగండి. ఆయన అధికార పక్షమైనా, ప్రతిపక్షమైనా అడిగే తీరు ఒకటే ఉండాలి. ఏ ప్రభుత్వం ఇచ్చిన లేఅవుట్ అన్న వాదనలోకి మాత్రం దిగొద్దు. దిగిన మరుక్షణం సభ రెండుగా చీలిపోతుంది, ఆగిపోయిన ఇళ్లు అక్కడే ఉంటాయి. ఎస్సీ కుటుంబాలు ఎక్కువగా ఉన్న లేఅవుట్ అయితే 2013 ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం కింద మెరక పనికి నిధులు ఇవ్వమని విడిగా ఒక అర్జీ ఎస్సీ కార్పొరేషన్‌కూ, కలెక్టరుకూ పెట్టండి.

తీర్మానం పొడవుగా వద్దు. ఇలా రాసుకోవచ్చు, అంకెలు మీవి నింపుకోండి:

"మా పంచాయతీ లేఅవుట్‌లో మంజూరైన ఇళ్లు ఇన్ని, పూర్తయినవి ఇన్ని, ఆగిపోయినవి ఇన్ని. స్థలం రోడ్డు మట్టానికి సగటున ఇన్ని అడుగులు పల్లంలో ఉంది. 2022 వరద మట్టానికి ఇన్ని అడుగులు దిగువన ఉంది. లబ్ధిదారులు మెరక కోసం సొంతంగా పెట్టిన ఖర్చు మొత్తం ఇంత. కావున ఒకటి, లేఅవుట్ మొత్తాన్ని మెరక చేసే పనిని రాష్ట్ర నిధులతో చేపట్టాలి. రెండు, ఇప్పటికే సొంతంగా మెరక చేసుకున్నవారికి కొలతల ప్రకారం ఆ ఖర్చు తిరిగి చెల్లించాలి. మూడు, ఇకపై మంజూరయ్యే ఇళ్లకు డెల్టా నేలకు తగిన పునాదికి విడిగా మొత్తం కేటాయించాలి. నాలుగు, ఈ నిధులు ఏప్రిల్ మొదటి వారంలోగా జిల్లాకు విడుదల చేయాలి. ఐదు, మా మండలాన్ని కష్టతర ప్రాంతంగా గుర్తించేందుకు రాష్ట్ర ప్రభుత్వం పరిశీలించాలి."

రెండో అంశాన్ని ఎవరైనా తీసేయమంటే ఒప్పుకోవద్దు. అప్పు చేసి మట్టి పోసుకున్నవాళ్లను వదిలేసి పోసుకోనివాళ్లకు మాత్రమే ప్రభుత్వం పోయిస్తే ఊళ్లో తగాదా వస్తుంది, మీ వెనక నిలబడ్డ సగంమంది పక్కకు తప్పుకుంటారు. తీర్మానం మీద సెక్రటరీ సంతకం, పంచాయతీ సీలు, తేదీ ఉండాలి. కాపీలు హౌసింగ్ ప్రాజెక్టు డైరెక్టరుకు, కలెక్టరుకు, విజయవాడలో హౌసింగ్ కార్పొరేషన్ ఎండీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదులు ఆ పుస్తకంలోనే అతికించండి. నెలలోగా జవాబు రాకపోతే, ఆ ఫైలు ఏ స్థాయిలో ఉందో, మీ జిల్లాకు ఆ ఏడాది 2216 పద్దు కింద ఎంత విడుదలైందో సమాచార హక్కు కింద ఒకే దరఖాస్తులో అడగండి. ఎస్టిమేట్ వేయడంలో ఎక్కడైనా ఆగితే కొలతలు ఇక్కడే రాయండి, నేను లెక్క కట్టి పెడతాను.